ఇంటర్వెల్ తర్వాతి తలుపు

మదనపల్లె గాలి మంచిదని, ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సి వస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే. నేను పుట్టింది అక్కడే. కానీ ఈసారి ఆ ఊరికి వెళ్ళి తిరిగొచ్చి ఇన్నాళ్ళయినా నాకు ఒళ్ళు చల్లబడలేదు. చల్లబడితే నిజం మెత్తబడిపోతుందని భయమేసి, మంట మీదుండగానే రాస్తున్నాను.

నేను కోలారు బంగారు గనుల దగ్గర ఆస్పత్రిలో కాన్పులు చూసే నర్సుని. మా అత్త దేవమ్మకు రెండు కళ్ళల్లోనూ పొరలు కమ్మాయి. మదనపల్లె మిషను ఆస్పత్రిలో చూపిద్దామని బయలుదేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, దారంతా అత్తాకోడళ్ళం ఇద్దరమే. మా అత్త ప్రార్థన మానదు, అబద్ధం ఆడదు, నన్ను దెప్పడం మరిచిపోదు. నా కోపం సంగతి ఆమెకు బాగా తెలుసు. రైలెక్కగానే, "రూతమ్మా, ఆ ముక్కుమీది కోపాన్ని ఈడనే కోలారులో దించిపెట్టి రా. వచ్చినాక ఎత్తుకుందువు గానీ" అంది. నేను దించలేదు.

కుప్పం

కుప్పంలో దిగేసరికి పొద్దెక్కింది. స్టేషను బయట ఇడ్లీలమ్మే ఆమె అరవంలో ధర చెప్పి, కన్నడంలో చిల్లర అడిగి, తెలుగులో తిట్టింది. సరిహద్దు ఊళ్ళ వరస అది. ఇడ్లీ మాత్రం గట్టిగా ఉంది. బియ్యం తక్కువై జొన్న కలిపిందట.

యుద్ధం అయిపోయిందని పేపర్లలో వేశారు గానీ కంట్రోలు అయిపోలేదు. బియ్యం, గుడ్డ, కిరసనాయిలు అన్నీ కార్డు మీదే. పైగా ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మిషను ఆస్పత్రిలో రోగి వెంట వచ్చినవాళ్ళే వండిపెట్టుకోవాలి కాబట్టి ఎక్కడైనా కాస్త బియ్యం కొనాలనుకున్నాం. కంట్రోలు డిపోలో స్టాకు లేదన్నారు. డిపో పక్క సందులో మాత్రం ఒక అంగడివాడు సన్నబియ్యం బస్తాలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు.

ధర అడిగితే కంట్రోలు ధరకు మూడింతలు చెప్పాడు.

"ఇదేమన్నాయమప్పా?" అన్నాను.

"యాలమ్మా అట్ల అరుస్తావు? నేనేమన్నా పండిస్తానా? పైనుంచి వస్తాండాది, నేను అమ్ముతాండాను. కావాలంటే తీసుకో, లేకుంటే ఎండ తగలకుండా పక్కకు నిలబడు" అన్నాడు.

కళ్ళు లేని ముసలామెను పక్కన పెట్టుకుని ఎంతసేపు పోట్లాడతాను? కొన్నాను. వాడు బియ్యాన్ని గుడ్డలో పోసి, బస్తా మూతికి కట్టివున్న నల్లటి రిబ్బను విప్పి దాంతో మూట బిగించాడు. పురికొసకు కూడా కరువు వచ్చిందట. రిబ్బను అంచుల్లో చిన్నచిన్న కంతలున్నాయి. వెలుగుకు పట్టి చూద్దును, వరసగా ఒకే బొమ్మ. బావి గట్టున ఒక ఆడమనిషి చెయ్యి పైకెత్తి నిలబడివుంది.

అది సినిమా రీలు. ఆ బొమ్మను ఎక్కడో చూశానని అనిపించింది, ఎక్కడో వెంటనే తట్టలేదు.

బొగ్గు బస్సు

కుప్పం నుంచి ఎక్కిన బస్సు బొగ్గు గ్యాసుతో నడిచేది. వెనకాల పొయ్యిలాంటి డబ్బా ఒకటి తగిలించి, క్లీనరు దాని చక్రం తిప్పుతూ ఉంటాడు. ఎత్తు వచ్చినచోటల్లా ఆగిపోతుంది. మగవాళ్ళు దిగి తోయాలి, ఆడవాళ్ళు కూర్చుని సలహాలు చెప్పాలి. బైరెడ్డిపల్లె దాటాక ఒకచోట ఎంత తోసినా కదలకపోతే నేను కూడా దిగి తోశాను. కండక్టరు "మీరు యాలమ్మా?" అంటే, "ఇప్పటికే మూడింతలు పెట్టి బియ్యం కొన్నాను. ఇంక ఈ ఎండలో కూర్చునే ఓపిక లేదు" అన్నాను. బస్సంతా నవ్వింది.

దారి పొడవునా చేలు బీడు పడి ఉన్నాయి. ఒక ఊరి దగ్గర ఆడవాళ్ళు రోళ్ళలో ఏదో దంచుతుంటే వడ్లనుకున్నాను. చింతగింజలట. వేయించి, పొట్టు తీసి, పిండి చేసి సంగటి కలుపుకుంటారట. మా గనుల దగ్గర ఎంత కరువొచ్చినా, సైరను కూయగానే కంపెనీ డిపో ముందు లైను కడితే ఎంతో కొంత కొలిచి పోస్తారు. ఇక్కడ లైను కట్టడానికి డిపోలున్నాయి, కొలవడానికి గింజ లేదు. మరి కుప్పం సందులోకి ఆ సన్నబియ్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? మోకాళ్ళ మీద బియ్యం మూట పెట్టుకుని దారంతా నాకు అదే ఆలోచన.

పుంగనూరు

ఆ సాయంత్రం పుంగనూరులో దిగి, బస్టాండు పక్కన ఒక మజ్జిగామె ఇంటి పంచలో విడిది చేశాం. ఆమె ఆవు మా కోలారు వైపు దూడంత ఉంది. ఆ ఊరి జాతే అంత, మనిషి నడుం దాటదు. మేత తక్కువ, పాలు చిక్కన. రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, మజ్జిగ పెట్టింది. ప్రాణం లేచొచ్చింది. డబ్బు ఎంతివ్వమంటావంటే, "ముసలామె కండ్లు బాగైనాక వచ్చేటప్పుడు ఈ దారినే రాండి, సూసిపోతాను" అంది. లోకంలో అంగళ్ళవాళ్ళే కాదు, మజ్జిగామెలూ ఉన్నారని కాస్త కోపం తగ్గింది.

తగ్గిన కోపం ఆమె అటు తిరగగానే మళ్ళీ రాజుకుంది. ఆమె కొప్పుకు అదే నల్ల రిబ్బను.

"యాడిదమ్మా ఇది?" అన్నాను.

"లారీలో నుంచి రాలిపడిందమ్మా. మదనపల్లె నుంచి కుప్పం దిక్కు వారం వారం పోతాండాయి బియ్యం లారీలు. ఈడ ఆపి టీ తాగుతారు. బస్తాలకు దీన్నే కడతాండారు. గట్టిగుండాది, తడిసినా కుళ్ళదు."

అప్పుడే దీపం పెట్టారు. నా మూట రిబ్బను విప్పి దీపం దగ్గర పట్టి మళ్ళీ చూశాను. బావి, గట్టు, ఎత్తిన చెయ్యి. అంతే, గుర్తొచ్చేసింది. "అత్తా, ఇది మా వీధి సినిమా హాలుదే!" అని అరిచి ఇంకాస్త దగ్గరికి జరిపానో లేదో, ఆ రీలు భగ్గున మండింది. అలాంటి మంట నేనెప్పుడూ చూడలేదు. అంటుకోవడమూ అయిపోవడమూ ఒకటే. నా కొంగు అంచు కాలింది, వేళ్ళు చురుక్కుమన్నాయి. మజ్జిగామె చెంబెడు నీళ్ళు నా నెత్తిన కుమ్మరించింది.

చూపు లేకపోయినా అత్తకు వాసన తెలిసింది. "సినిమా అంటే సాతాను సరుకని గుళ్ళో పాస్టరయ్యగారు చెప్పనే చెప్పె. అంటుకోకుండా ఉంటాదా?" అంది తాపీగా.

రెండో సగం పిల్లలు

ఆ హాలు గురించి ఇక్కడ చెప్పాలి, లేకపోతే నా మంట మీకు తెలియదు.

మదనపల్లెలో మా వీధి చివర రేకుల కప్పు హాలు అది. మా అమ్మ పోయేదాకా దాని గేటు ముందు ఉడకేసిన చెనక్కాయలు అమ్మేది. మా క్రైస్తవ గుడి పెద్దలకు సినిమా అంటే గిట్టదు, అయినా చెనక్కాయలకు మతం లేదు కాబట్టి అమ్మను ఏమీ అనలేకపోయారు. గేటు కాసేవాడు మునెప్ప. టికెట్టు లేకపోతే సొంత పెళ్ళాన్ని కూడా లోపలికి పోనిచ్చేవాడు కాదు, ఇంటర్వెల్ దాకా.

ఇంటర్వెల్ అవగానే గేటుకు వేలాడగట్టిన రైలు పట్టా ముక్కను మునెప్ప గణగణా కొట్టేవాడు. లోపలివాళ్ళు సోడాలు తాగి వెనక్కి వెళ్ళాక పక్కవాకిలి తీసేవాడు. టికెట్టు కొనలేనివాళ్ళు అప్పటికే గోడవారన కూర్చుని ఉండేవాళ్ళు. ముందు చంటిబిడ్డల తల్లులు, తర్వాత ముసలివాళ్ళు, ఆ వెనక మిగిలినవాళ్ళు. తోసుకుంటే వాకిలి మూతపడుతుంది. అది హాలు కట్టించిన పెద్దాయన పెట్టిన ఆచారం. "సగం ఆట డబ్బున్నోళ్ళది, సగం ఆట అందరిదీ" అనేవాడట. అంటరానివాళ్ళని పగలు మా వాళ్ళను గడప తొక్కనివ్వనివాళ్ళు కూడా హాల్లో ఇసుక పోసిన నేల మీద మా పక్కనే కూర్చునేవాళ్ళు. చీకట్లో ఎవరికి ఎవరు?

అందువల్ల మా వీధిలో సగం మందికి కథల రెండో సగమే తెలుసు. మాటలు లేని సినిమా ఒకటి పెద్దాయన సొంతానికి కొని పదేపదే ఆడించేవాడు. అందులో బావిలో నుంచి బయటపడ్డ ఆడమనిషి గట్టెక్కి చెయ్యెత్తుతుంది. ఆమె బావిలో ఎందుకు పడిందో మాలో ఒక్కరికీ తెలియదు. అత్త తోసిందని నేను, మొగుడు తోశాడని నా స్నేహితురాలు జుట్లు పట్టుకునేవాళ్ళం.

తర్వాత బస్టాండు దగ్గర కొత్త హాలు వచ్చింది, పెద్దాయన పోయాడు, కొడుకు చిన్నయ్య పాత హాలు మూసేశాడని విన్నాను. విని ఊరుకున్నాను. హాళ్ళు మూతపడటం లోకంలో కొత్తేమీ కాదు.

మదనపల్లె

ఆస్పత్రిలో డాక్టరమ్మ అత్త కళ్ళు చూసి, దగ్గు తగ్గాక ఆపరేషను చేస్తామంది. మా పాత వీధిలోనే ఒక గది అద్దెకు దొరికింది. అత్తను పడుకోబెట్టి తిన్నగా హాలు దగ్గరికి పోయాను.

టికెట్టు కిటికీని ఇటుకలతో పూడ్చేశారు. బోర్డు లేదు. బొమ్మలు అంటించే గోడకు సున్నం కొట్టారు. ముందు తలుపుకు పిడికెడంత తాళం. దాని పక్కన ముక్కాలిపీట మీద, చేతికర్రతో, ముసలివాడైపోయిన మునెప్ప. రైలు పట్టా ముక్క మాత్రం ఆయన తల మీదే వేలాడుతూ ఉంది.

పలకరించగానే నా గొంతు గుర్తుపట్టాడు. "నువ్వు చెనక్కాయల సుందరమ్మ బిడ్డవు కదామ్మా! ఎంత పెద్దదానివైపోయినావు!"

"లోపల ఏముందన్నా?" అన్నాను.

"ఏముంటాదిమ్మా? ఖాళీ."

గడప కింద పిచ్చుకలు బియ్యపు గింజలు ఏరుకు తింటున్నాయి. నేను వాటివైపు చూశాను. ఆయనా చూశాడు. చేతికర్రతో వాటిని తోలాడు.

నేను కాన్పులు చూస్తానని తెలిసి, కూతురికి ఒంట్లో బాగాలేదు, ఒకసారి చూడమని బతిమాలాడు. హాలు వెనక గోడకు ఆనించిన పాక. లోపల గంగులమ్మ, ఆమె పక్కలో పురిటి వాసన పోని మగబిడ్డ. బిడ్డ ఏడుపు పిల్లికూన ఏడుపంత కూడా లేదు. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలకే వదిలేస్తున్నాడు. పాలు లేవు. కుండ మూత తీసి చూశాను. చింతగింజల సంగటి.

"పచ్చి బాలెంతరాలికి ఇదా పెట్టేది?" అని గట్టిగా అడిగాను.

"డిపోలో బియ్యం లేవంట కదక్కా" అంది గంగులమ్మ. "నాయన రోజూ పోయి వస్తాండాడు. ఈ వీధిలో ఎవురికీ లేదు."

ఆమె ఆనుకుని కూర్చున్న గోడకు అవతల, కప్పు దాకా బియ్యం. ఒక్క మట్టిగోడ దూరంలో. నా మూటలో మిగిలిన బియ్యం అంతా తెచ్చి గంజి కాచి తాగించాను. ఆ మూట కుప్పంలో మూడింతలు పెట్టి కొన్నది. ఈ గోడ అవతలనుంచే అక్కడికి పోయింది. ఈసారీ నేను కథ రెండో సగమే ముందు చూశాను.

బయటికి వచ్చి మునెప్ప మీద పడ్డాను. ఆయన మీద అరవడం న్యాయం కాదని తెలుసు, కానీ చిన్నయ్య ఎదురుగా లేడు.

"కంచె చేను మేస్తుంటే నువ్వు కంచెకు కాపలానా? నీ మనవడి ఆకలి నీకు వినబడలేదా?"

"అరవద్దుమ్మా" అన్నాడు మెల్లగా. "ఆ కుటుంబం ఉప్పు తిన్నా. పెద్దాయన నాకు తాళంచెవి చేతికిచ్చి, నమ్మినాను మునెప్పా అనె. రేపు సందేళకు లారీ వస్తాది. అదొచ్చి పోతే నాకు కూలీ ఇస్తారు. అప్పుడు ఏమన్నా కొంటాను."

"ఏం కొంటావు? ఎక్కడ కొంటావు? కుప్పం పోయి, నువ్వు కాపలా కాసిన బియ్యాన్నే కొంటావా?" నా గొంతుకు వీధిలో నలుగురు చేరారు. "పెద్దాయన ఉప్పు తింటే పెద్దాయన మాట నిలబెట్టు. చిన్నయ్య మాట కాదు. సగం ఆట ఎవరిదని చెప్పాడాయన?"

ఆయన మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు. నేను గదికి వచ్చి అత్తతో అంతా చెప్పి ఏడ్చాను. కోపం ఎక్కువైతే నాకు ఏడుపు వస్తుంది. అత్త దెప్పలేదు. "ఆ హాలును సాతాను ఇల్లని ఊరికే అంటిమి. అప్పుడు కాదు, ఇప్పుడైంది" అని మాత్రం అంది.

పక్కవాకిలి

మరునాడు పొద్దు వాలుతుండగా లారీ వచ్చి హాలు ముందు ఆగింది. కూలీలు ఇంకా దిగలేదు. అప్పుడు మోగింది గంట. గణ గణ గణ.

ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని! వీధి మొత్తం ఒక్కసారి ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్నవాళ్ళు పొయ్యి వదిలేశారు, మగ్గం దగ్గరున్నవాళ్ళు మగ్గం వదిలేశారు. "ఏందిమే, మునెప్పకు పిచ్చి పట్టిందా?" అంటూనే అందరూ నడుస్తున్నారు. ఎటు నడవాలో కాళ్ళకు తెలుసు. ముందు తలుపుకు కాదు, పక్కవాకిలికి.

"ఆ గంటేంది?" అంది అత్త.

"ఇంటర్వెల్ గంటత్తా."

"అయితే నన్నూ తోడుకుపో."

వాకిలి బార్లా తెరిచి ఉంది. మునెప్ప పక్కన నిలబడి, పాత రోజుల్లోలాగే, "తోసుకోవద్దు, తోసుకుంటే మూసేస్తా. బిడ్డ తల్లులు ముందు" అంటున్నాడు. జనం నిజంగానే గోడవారన కూర్చుని లేచి, ఒక్కొక్కరే కదిలారు. అందరికన్నా ముందు గంగులమ్మ, చంకలో బిడ్డతో. ఆమె వెనక ముసలివాళ్ళ వంతు. మా అత్త జీవితంలో మొదటిసారి సినిమా హాల్లో కాలుపెట్టింది. లోపల చీకటి. చూపున్న మేమంతా తడుముకుంటుంటే, ఆమె ఒక్కతే తొట్రుపడకుండా పోయి చేత్తో బస్తాను తడిమి, దాని మీద కూర్చుంది. "బియ్యమే. నేను లేవను" అంది.

ఒక్క బస్తా ఎవరూ ఎత్తలేదు. ఒక్క గింజ ఎవరూ దోచలేదు. ఇసుక నేల మీద కూర్చున్నట్టే బస్తాల మీద కూర్చున్నారు. పక్కన ఎవరని ఎవరూ చూడలేదు. బస్తాల మూతులకు ఆ బావి గట్టు మనిషి ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది.

చిన్నయ్య జట్కాలో వచ్చాడు. "దొంగలు! దొంగలు!" అని కేక పెట్టాడు.

"దొంగతనం కాదు సామీ" అన్నాడు మునెప్ప. "ఇంటర్వెల్ అయిపొయ్యింది. తలుపు తీసినా."

పోలీసులు వచ్చారు, వాళ్ళ వెనక తాసిల్దారు వచ్చాడు. వీధి వీధంతా బస్తాల మీద కూర్చునివుంటే అవి లేవని చిన్నయ్య ఏం చెబుతాడు? రైతులవి అన్నాడు, చుట్టాలవి అన్నాడు. చివరికి తాసిల్దారు తక్కెడ తెప్పించి, కంట్రోలు ధరకు అక్కడే అమ్మించాడు. ఆ రాత్రి వీధిలో అన్ని పొయ్యిల మీదా ఎసరు పెట్టారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆట ఇంకా ఉంది. తాళం పగలగొట్టి చొరబడ్డారని చిన్నయ్య ఫిర్యాదు రాసిచ్చాడు. తాళంచెవి మునెప్ప మొలతాడుకే ఉంది, తాళం చెక్కుచెదరలేదు, అయినా పోలీసాయన రాసుకున్నాడు. తలుపు ఎవరు తీశారో చూశారా అని ఒక్కొక్కరినే అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. అబద్ధమాడని మా అత్త దగ్గరికి వచ్చాడు.

"నాకు కండ్లు కనపడవు నాయనా. ఆస్పత్రికి వచ్చినాను" అంది అత్త.

జనం నవ్వు ఆపుకుంటున్నారు. మునెప్పే ముందుకు వచ్చాడు. "వాళ్ళను యాల అడుగుతావు సామీ? ఎప్పుడైనా ఆ తలుపు తీసేది నేనే. ఈపొద్దూ నేనే తీసినా."

ఆయన్ని తీసుకుపోయారు. పోయేముందు వెనక్కి తిరిగి పక్కవాకిలి దగ్గరగా వేసి, గడియ పెట్టాడు. ఆట అయిపోతే అలవాటుగా వేస్తాడే, అలా. బియ్యం దాచినవాడు తాసిల్దారు పక్కన కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నాడు. తలుపు తీసినవాణ్ణి పోలీసులు నడిపించుకు పోతున్నారు. దీనికి పేరు న్యాయమైతే, నాకు ఆ పేరు అక్కర్లేదు.

తిరుగుదారి

అత్తకు ఒక కన్ను బాగైంది. గంగులమ్మకు పాలు పడ్డాయి, బిడ్డ ఏడుపు ఇప్పుడు వీధి చివరికి వినబడుతుంది. మునెప్పకు నేనూ గంగులమ్మా రోజూ అన్నం తీసుకెళ్ళి ఇచ్చాం. మేం బయలుదేరేనాటికి ఆయన సబ్‌జైల్లోనే ఉన్నాడు. "బిడ్డ ఎట్లుండాడు?" అన్న ఒక్క మాటే రోజూ అడిగేవాడు.

పుంగనూరులో మజ్జిగామె అత్త కన్ను చూసి రెండో గ్లాసు కూడా పోసింది. కుప్పంలో రైలుకు ఇంకా పొద్దుంది కాబట్టి నేను కావాలనే ఆ సందులోకి నడిచాను. అంగడి ఖాళీ. అంగడివాడు ఈగలు తోలుకుంటున్నాడు.

"ఏమప్పా, సన్నబియ్యం లేవా?" అన్నాను.

"యాడుండాయమ్మా! మదనపల్లె లోడు రాలేదు. ఆడ ఎవుడో ముసలోడు తలుపు తీసేసినాడంట. మా నోట్లో మట్టి కొట్టినాడు!"

నేను ఏదో అనబోయాను. అంతలో అత్త నన్ను పక్కకు జరిపి, బాగైన కన్నుతో వాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎవుడో ముసలోడు కాదప్పా" అంది. "మునెప్ప. పేరు పెట్టి చెప్పు."

వాడు చెప్పేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.